కూర్చునే వేషాలు

నాకు మూడో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. అది పోలియో అని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు ఊళ్లో అందరికీ నేను కుంటిపిల్లని. ఉద్యోగం వచ్చేక కాగితాల్లో వికలాంగురాలినయ్యేను. ఇప్పుడు దివ్యాంగురాలిని. మాట మారినప్పుడల్లా కొత్త సర్టిఫికెట్టు కోసం అమలాపురం వెళ్లి వరసలో నుంచోవడం తప్ప, కాలి సంగతిలో పెద్ద మార్పేమీ లేదు. ఎడమ చేత్తో తొడ నొక్కిపెట్టి అడుగేస్తేనే మోకాలు నిలబడుతుంది. నొక్కడం మర్చిపోతే మడతపడి కూలబడతాను. అందుకని మర్చిపోను.

మాది ఉప్పలగుప్తం దగ్గర పల్లె. మా తాత చేలో కూలికెళ్లినవాడు. నాన్న చదువుకుని ఎలిమెంటరీ స్కూల్లో మేష్టారయ్యేరు. నా మొదటి వేషం మా చర్చిలోనే. క్రిస్మస్ నాటకానికి పిల్లల్ని ఎంచుతూ పాస్టరమ్మగారు, "మరియమ్మ వేషం దీనికిద్దాం. తొట్టి పక్కన కూర్చుంటే చాలు, నడవక్కర్లేదు కదా" అన్నారు. నాకప్పుడు పదేళ్లు. నీలం రంగు ముసుగేసి, ఒళ్లో గుడ్డబొమ్మ పెట్టి కూర్చోబెట్టేరు. గొర్రెల కాపరులొచ్చేరు, జ్ఞానులొచ్చేరు, ఒకడి గడ్డం ఊడిపోయింది, అందరూ నవ్వేరు. నేను నవ్వలేదు. బొమ్మకేసే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి నవ్వులాగిపోయి అందరూ నాకేసి చూడ్డం తెలిసింది. అరగంటసేపు ఎవరూ నా కాలు చూడలేదు, మొహం చూసేరు. ఆ రుచి పట్టుకుంది నన్ను. ఇన్నేళ్లూ పీడించింది అదే.

కాలేజీలో ఒక సభలో నేను పద్యం చదవడం విని, మర్నాడు ఒకాయన మా ఇంటికొచ్చేరు. అమలాపురంలో ఏదో ఆఫీసులో గుమాస్తా. సాయంత్రాలు నాటకాలాడించేవారు. పరిషత్తు పోటీలకి బృందాన్ని తీసుకెళ్లేవారు. తర్వాత్తర్వాత ఆయన్ని నేను గురువుగారనే పిలిచేను కాబట్టి ఇక్కడా అలాగే అంటాను.

"మా అమ్మాయికి కాలు..." అని నాన్న మొదలెట్టేరు.

"చూసేనండి. నాక్కావలసింది గొంతు, మొహం. కాళ్ల సంగతి నేను చూసుకుంటాను."

చూసుకున్నారు కూడా. తెర లేచేసరికి నేను కుర్చీలోనో, మంచమ్మీదో, కుట్టుమిషను ముందో కూర్చుని ఉండేదాన్ని. తెర పడేదాకా అక్కడే. రాసినవాళ్లు ఇల్లాలు వాకిట్లోంచి వచ్చిందని రాస్తే, ఆయన దాన్ని కొట్టేసి, కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతోందని మార్చేవారు. అలా స్టేజీ మీద ఎన్ని వంకాయలు తరిగేనో! ఇంట్లో కూడా అన్ని తరగలేదు. 'కూర్చునే వేషాలకి ఆవిడుంది' అని బయటి బృందాలవాళ్లు కూడా పిలవడం మొదలెట్టేరు. మంచం పట్టిన తల్లి, కళ్లు కనపడని అవ్వ, దుకాణం గల్లాపెట్టె దగ్గర కూర్చునే గయ్యాళి, జైల్లో ములాఖాతు గదిలో బల్లకవతల కూర్చున్న ఖైదీ.

గురువుగారు ఒకటే చెప్పేవారు. "నుంచున్నవాడికి కాళ్లూ చేతులూ ఉన్నాయి, ఎక్కడికో నడిచి తప్పించుకుంటాడు. కూర్చున్నదానివి నువ్వు తప్పించుకోలేవు. వీపుతో నటించు." వీపుతో నటించడం నేర్చుకున్నాను. కోపమొస్తే వీపు కుర్చీకి ఆనదు. ఓడిపోయిన మనిషి వీపు కుర్చీలో ఎక్కడో కిందికి జారిపోతుంది. ఇలాంటివి నాకు చాలా తెలుసు.

మొదటిసారి ఉత్తమనటి బహుమతొచ్చింది పరాయి జిల్లాలో. నాటకమయ్యేక జనం గట్టిగానే చప్పట్లు కొట్టేరు. తర్వాత నా పేరు పిలిచేరు. నేను స్టేజీ పక్కనుండే వింగులోంచి తొడ నొక్కుకుంటూ మైకు దాకా నడిచేను. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆపైన మళ్లీ చప్పట్లు, ఇందాకటి కన్నా ఎక్కువ. కొందరు లేచి నుంచున్నారు. వేదిక మీదున్న పెద్దాయన, "ఇటువంటి స్థితిలో ఉండి కూడా ఈ అమ్మాయి..." అంటూ మొదలెట్టి కళ్లు తుడుచుకున్నారు. మొదటి చప్పట్లు నావి. రెండోవి ఎవరివో నాకర్థం కాలేదు. దారిలో బస్సులో గురువుగారితో ఆ మాటే అన్నాను.

"చప్పట్లకి వంకలు పెట్టకమ్మా" అన్నారు. కానీ ఆ తర్వాత ఎక్కడ బహుమతొచ్చినా ఆయనే వెళ్లి పుచ్చుకునేవారు. "మా అమ్మాయికి ఒంట్లో బాగోలేదండీ" అని మైకులో చెప్పేవారు. అది నా మీద దయ అనుకున్నాను. దయే. దాచడం కూడా. రెండూ కలిసే ఉండొచ్చని ఇప్పుడనిపిస్తుంది. అప్పట్లో నాక్కూడా అదే హాయిగా ఉండేది.

మా బృందంలో ప్రాంప్టరుగా ఉండేవారు మా ఆయన. వింగులో పుస్తకం పట్టుకు నుంచుని, మర్చిపోయినవాళ్లకి మాట అందించేవారు. నేను మాట మర్చిపోయేదాన్ని కాదు కాబట్టి నాతో మాట్లాడ్డానికి ఆయనకి వేరే దారి వెతుక్కోవలసొచ్చింది. పెళ్లయ్యేక నాకు కొత్తపేట దగ్గర హైస్కూల్లో తెలుగు టీచరు ఉద్యోగమొచ్చింది. బడి, ఇల్లు, సెలవుల్లో నాటకాలు. బడిలో కూడా పాఠం కుర్చీలో కూర్చునే చెప్పేదాన్ని. పిల్లలకి అలవాటైపోయింది.

మధ్యలో జీతం లేని సెలవు పెట్టి ఏడాదిన్నర హైదరాబాదులో టీవీ సీరియల్ చేసేను. పోటీల్లో నన్ను చూసినాయన పిలిచేరు. పెద్దింటి అత్తగారి వేషం. పెద్ద సోఫా, పట్టుచీర, మెడనిండా నగలు. లైట్లు వెలిగేలోపు ఇద్దరమ్మాయిలు రెక్కలు పట్టుకుని నన్ను సోఫాలో కూర్చోబెట్టేవారు. సీను అయ్యేక వచ్చి లేపేవారు. కోడళ్లు వచ్చి నుంచుని తిట్లు తిని వెళ్లిపోయేవారు. చూసేవాళ్లకి నేను లేవకపోవడం దర్జాగా కనపడేదట. అలా నడుస్తుండగా కథ రాసేవాళ్లు మారేరు. కొత్తగా వచ్చినవాళ్లు కుటుంబమంతా తీర్థయాత్రకి వెళ్లినట్టు రాసుకున్నారు. అత్తగారు లేకుండా యాత్ర ఎలా? అత్తగారితో యాత్ర మరీ ఎలా? ఒకరోజు మేకప్ గదిలో నన్ను నవ్వుతూ కూర్చోమని ఫొటో తీసేరు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. అత్తగారు నిద్రలో పోయింది. ఆ ఫొటోకి దండేసి గోడకి తగిలించేరు. ఇంకో నాలుగు నెలలు దాని కిందే నుంచుని కోడళ్లు కొట్టుకున్నారు. నేను మళ్లీ బళ్లోకొచ్చి పడ్డాను.

ఇదంతా చెప్పడం తర్వాత జరిగినదాని కోసం.

నాకు యాభై దాటేక, రెండేళ్ల క్రితం, మావైపు ఒక సినిమా తీసేరు. మావైపు సినిమాలు తీయడం కొత్తేం కాదు. కొబ్బరితోటా కాలవా కావాలంటే ఇక్కడికే వస్తారు. మేనేజరు ఫోన్ చేసి, "అమ్మగారూ, మేనత్త పాత్రండి. ఆవిడకి కాలు... అవిటండి. మిమ్మల్నే అనుకున్నారండి" అన్నారు. మాట సర్దుకోవడానికి ఆయన పడ్డ ఇబ్బంది నాకు ఫోన్లోనే తెలిసింది. నేనేమీ అనుకోలేదు. లోపల మాత్రం చాలా సంతోషమేసింది. ఇన్నేళ్లకి నడిచే వేషం!

పలివెలలో ఒక పెద్ద ఇల్లు అద్దెకి తీసుకుని దిగేరు వాళ్లు. డైరెక్టరు చాలా మర్యాదస్తుడు, ముప్పై దాటి ఉండవు. లేచి నుంచుని దణ్ణం పెట్టేడు.

"ఆ గుమ్మంలోంచి ఈ కుర్చీ దాకా ఒకసారి నడుస్తారా అండీ?"

నడిచేను.

"ఇంకోసారండి. కొంచెం మామూలుగా."

"ఇది మామూలేనండీ."

అతను టీవీలాంటి దాంట్లో చూసుకున్నాడు. కెమెరామన్‌తో ఏదో మెల్లగా అన్నాడు. మళ్లీ నా దగ్గరకొచ్చి, "తప్పుగా అనుకోకండమ్మా. తెర మీద సరిగ్గా తెలియట్లేదు. కాస్త ఎక్కువగా కుంటగలరా?" అన్నాడు.

యాభై ఏళ్లుగా నేను చేసిన సాధనంతా కుంటు తగ్గించడానికే. తొడ మీద చెయ్యి కుచ్చిళ్లు పట్టుకున్నట్టు కనపడాలని చీర కట్టే పద్ధతే మార్చుకున్నాను. ఎదుటివాళ్లకి తెలియకుండా భుజం సర్దుకోవడం నేర్చుకున్నాను. అదంతా ఇప్పుడు విప్పేయమంటున్నాడు. సరేనని ఒళ్లు వదిలేసి నడవబోయేను. మూడో అడుక్కి మోకాలు మడతపడింది. గుమ్మం పట్టుకు వేళ్లాడేను. అందరూ పరిగెత్తుకొచ్చేరు. మంచినీళ్లు ఇచ్చేరు. తర్వాత కూర్చుని మాటలు చెప్పమంటే చెప్పేను. అవి బాగా వచ్చేయని వాళ్ల మొహాలు చూస్తేనే తెలిసింది.

రెండ్రోజులకి మేనేజరు మళ్లీ ఫోన్ చేసేరు.

"వేషం హైదరాబాద్ నుంచి వచ్చే ఆవిడకి ఖాయమైందండి. కానీ డైరెక్టరుగారు మిమ్మల్ని వదలద్దన్నారండి. ఆవిడకి నడక నేర్పాలటండి."

"ఏం నడక?"

"మీ నడకేనండి" అన్నారు.

మా ఆయన వద్దన్నారు. "నీకేం ఖర్మ? వాళ్ల తంటాలు వాళ్లని పడనీ" అన్నారు.

"నేను నేర్పకపోతే ఎలా చేస్తారో తెలుసు కదా. జనం నవ్వుతారు."

"నవ్వనీ. వాళ్ల సినిమా."

వేసవి సెలవులు. ఇంట్లో కూర్చుంటే ఇదే తలుచుకుంటూ ఉంటానని తెలుసు. ఆటో పిలిపించుకుని వెళ్లేను.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ అమ్మాయికి ముప్పై అయిదుంటాయేమో. జుట్టుకి తెలుపు పూసి, బుగ్గలకి నీడలు దిద్ది నా వయసు చేసేరు. మొదటిరోజు వరండాలో నడిచి చూపించింది. నడుం వంచి, కాలు ఈడ్చుకుంటూ, నేలకేసి చూస్తూ.

"కాలికేసి ఎందుకమ్మా అలా చూస్తున్నావు?" అని అడిగేను.

"కాలు బాగోలేదు కదండీ."

"నా కాలు నాకు కొత్త కాదు కదా. దాన్ని నేను చూడను. నాలుగడుగుల అవతల ఏముందా అని చూస్తాను. తడుందా, గచ్చు పగిలిందా, గడప ఎంత ఎత్తుంది, పట్టుకోడానికి గోడుందా."

ఆ అమ్మాయి నడక ఆపేసి నాకేసి చూసింది. "ఎప్పుడూనా అండీ?"

"ఆయ్. ఎప్పుడూనూ."

ఆ మాట అంటుంటేనే నాకు ఒళ్లంతా నీరసమొచ్చింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఎవరికీ చెప్పలేదు. పెళ్లిభోజనానికెళ్లినా, చావింటికెళ్లినా, పిల్లల పరీక్ష హాల్లో ఉన్నా, ముందు నేల చూసుకుని తర్వాతే మనుషుల్ని చూసేనన్నమాట.

పదిరోజులు నేర్పేను. మెట్లెక్కేటప్పుడు ముందు ఏ కాలు, దిగేటప్పుడు ఏ కాలు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తల మాత్రం తిప్పకూడదు, మొత్తం మనిషి తిరగాలి. అలిసిపోయినప్పుడు మొహం కాదు, కుడి భుజం దిగుతుంది. చెప్పింది చెప్పినట్టు పట్టుకుంది. ఆరోరోజున చీర కాస్త పక్కకి జరిపి తొడ చూపించింది. చేత్తో నొక్కీ నొక్కీ నీలంగా కమిలిపోయింది. "మీకూ ఇలాగే ఉంటుందా అమ్మా?" అంది. నాకక్కడ చర్మం ఎప్పుడో మొద్దుబారిపోయింది. ఆ అమ్మాయి మంచిది కాకపోయుంటేనో, చేతకానిదై ఉంటేనో నాకు సుఖంగా ఉండేది. మనసులో నాలుగు తిట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. అలాంటి అవకాశం ఇవ్వలేదు.

పదకొండోరోజు కాలవగట్టు మీద షూటింగు. అన్నదమ్ములు కొట్టుకుంటుంటే మేనత్త గట్టు పొడుగునా నడిచొచ్చి మధ్యలో నుంచుంటుంది. నన్ను గొడుగు కింద, డైరెక్టరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టేరు. ముందు చిన్న తెర ఉంది. యాక్షన్ అన్నారు. గట్టు చివర ఆ అమ్మాయి నడవడం మొదలెట్టింది.

నా నడక నేనెప్పుడూ చూసుకోలేదు. పెళ్లి వీడియోలో నేను నడిచే ముక్క వస్తుంటే వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. అద్దంలో కూడా ఆగి నుంచునే చూసుకుంటాను. ఇప్పుడు ఇంకొకరి ఒంటి మీద అది నా ముందుకొచ్చింది. ఒక చెయ్యి తొడ మీద, రెండోది కాస్త ఎడంగా, అడుగడుక్కీ మనిషి కొంచెం కిందికి దిగి పైకి లేస్తోంది. తొందర లేదు. అసహ్యంగా లేదు. జాలిగా కూడా లేదు. ఒక పెద్దావిడ పని మీద గట్టెంట వస్తోంది, అంతే.

డైరెక్టరు కట్ అని, "ఎలా ఉందమ్మా?" అని అడిగేడు.

"బాగుంది" అన్నాను. "ఎడమ చెయ్యి ఇంకాస్త పైకుండాలి."

తర్వాత అన్నం తినబుద్ధి కాలేదు. తలనొప్పని చెప్పి వచ్చేసేను. నాకు కోపమొచ్చింది ఆ అమ్మాయి మీద కాదు, డైరెక్టరు మీద కాదు. ఇదా నేను దాచింది? దీనికోసమా అన్ని కుర్చీలు, అన్ని మంచాలు, అన్ని వంకాయలు? గురువుగారు బతికుంటే వెళ్లి అడిగేదాన్ని. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంటికొచ్చేక మా ఆయన, "ఏమైంది?" అన్నారు. ఈమధ్య ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు, గట్టిగా చెప్పాలి. అది గట్టిగా అరిచి చెప్పే మాట కాదు. "ఏం లేదండీ" అన్నాను.

మరుసటేడు సినిమా వచ్చింది. అమలాపురంలో చూసేం. పక్కసీట్లో కూర్చున్న మా స్కూలు లెక్కల మేడమ్‌గారు నా మోచెయ్యి పట్టుకుని, "అచ్చం మీరేనండీ!" అన్నారు సంబరంగా. చివర్లో పేర్లు పడుతుంటే జనం లేచిపోతున్నారు. కృతజ్ఞతల్లో నా పేరుందో లేదో మాకు కనపడలేదు, వరసలు వరసలుగా పైకి వెళ్లిపోయేయి. ఆ అమ్మాయికి మంచి పేరొచ్చింది. ఫోన్ చేసి, "అందరూ నడక గురించే అంటున్నారమ్మా. మీ పేరు చెప్పేను, కానీ టీవీవాళ్లు కోసేసేరు" అంది. నిజమే చెప్పిందని నమ్మేను. నమ్మకపోతే చేసేదేముంది?

ఆ వర్షాకాలంలో గురువుగారి అమ్మాయి దగ్గరకెళ్లేను. ఇప్పుడు బృందం నడిపేది తనే. కొత్త నాటకం మొదలెడుతోంది. అందులో పంచాయతీ కార్యదర్శి వేషముంది. మూడుసార్లు వస్తుంది, జనంతో గొడవ పడుతుంది, వెళ్లిపోతుంది. కుర్చీ అన్నదే లేదు.

"అది నాకియ్యమ్మా" అన్నాను.

"పిన్నిగారూ, అది..." అని ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, "ఆవిడ ఎందుకు కుంటుతోందని జడ్జీలు అడుగుతారండీ. కథలో దానికి కారణం లేదు" అంది.

"నాక్కూడా కారణం లేదమ్మా. జ్వరమొచ్చింది, కాలు పోయింది. కార్యదర్శులకి జ్వరాలు రావా?"

నవ్వింది. ఇచ్చింది.

కొత్తపేటలో మొదటి ప్రదర్శన. సాయంత్రం ఆరింటికి. వింగులో నుంచుని స్టేజీ నేలంతా చూసుకున్నాను, ఒకచోట చెక్క పలక లేచి ఉంది. మాటతో పాటు నడిచి వెళ్లేను. ముందు వరసలో ఎవరో ఆడమనిషి, "పాపం, కాలికి దెబ్బ తగిలినట్టుంది" అనడం స్పష్టంగా వినపడింది. రెండోసారి వెళ్లినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మూడోసారికి నన్ను తిడుతున్న సర్పంచి మీదే ఉన్నాయి అందరి కళ్లూ. పెద్ద ఆనందమేదో వస్తుందనుకున్నాను. రాలేదు. మాట సరిగ్గా పడిందా, వెలుతురులోకి వచ్చేనా, స్టేజీ మీద ఆ పలక లేచి ఉంది జాగ్రత్త అని ఆలోచిస్తుండగానే తెర పడిపోయింది. పనిలాగే ఉంది.

తర్వాత ఒక పోటీలో, జడ్జీల్లో ఒకాయన సమీక్ష చెబుతూ, "కార్యదర్శి పాత్రధారిణి అనుభవజ్ఞురాలు. అయితే ఆ అవిటితనానికి కథలో ప్రయోజనమేమిటో బోధపడలేదు" అన్నారు. గురువుగారి అమ్మాయి లేవబోయింది. నేను చెయ్యి పట్టుకు కూర్చోబెట్టేను. ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు. ఆయనకీ వయసైపోయింది.

ఏడు ప్రదర్శనలయ్యేసరికి మోకాలు వాచింది. కాకినాడలో డాక్టరుగారు చూసి, చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లకి ఈ వయసులో ఉన్న బలం కూడా తగ్గుతుందని చెప్పేరు. కుడికాలు కూడా ఇన్నేళ్లూ ఇద్దరి పని చేసి అలిసిపోయిందట. దూరాలకి చక్రాల కుర్చీ వాడమన్నారు. నడక కావాలనిపించిన వయసు ఇది, నడక పోయే వయసూ ఇదే. మా ఆయన అంతా విన్నారో లేదో, దారిపొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఎదుర్లంక వంతెన దిగేక, "ఇంక మానేస్తావా?" అన్నారు.

"చూద్దాం లెండి" అన్నాను.

మొన్న ఆదివారం రాజోలులో ఆడేం. వాన. సగం కుర్చీలు ఖాళీ. మొదటి రెండుసార్లూ నడిచే వెళ్లేను. మూడోసారికి కాలు రానంది. వింగులో ఎవరిదో ఊతకర్ర ఉంటే పుచ్చుకుని దానితో వెళ్లేను. సర్పంచి వేషం కట్టినాయన కంగారుపడి ఒక మాట మర్చిపోయేరు. నేనే అందించేను. వచ్చినవాళ్లు శ్రద్ధగా చూసేరు. చివర్లో మామూలుగా చప్పట్లు కొట్టి గొడుగులు వెతుక్కుంటూ వెళ్లిపోయేరు. ఎవరూ లేచి నుంచోలేదు, ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.

మేకప్ తుడుచుకుంటుంటే గురువుగారి అమ్మాయొచ్చి, "వచ్చే నెల ఇంకోటుందండీ. చేస్తారా పిన్నిగారూ?" అని అడిగింది. రేపు బడుందని, పదో తరగతి పేపర్లు ఇంకా దిద్దలేదని చెప్పేను. చేస్తాననీ అనలేదు, చేయననీ అనలేదు. మా ఆయన ఆటో మాట్లాడి వచ్చేరు. సంచి ఆయనకిచ్చి, ఆయన భుజం పట్టుకుని మెట్లు దిగేను. మెట్లు తడిగా ఉన్నాయి.